మామయ్య కారుకి ఒక గేజి

పోయిన కార్తీకమాసంలో మూడో సోమవారం మా కారు గుడి కొండ ఎక్కలేక సగం దారిలో ఆగిపోయింది.

మా త్రిపురాంతకం చూసినవాళ్లకి తెలుసు. కింద చెరువులో బాలాత్రిపురసుందరి అమ్మవారు, పైన కుమారగిరి మీద త్రిపురాంతకేశ్వరుడు. శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు మా ఊరిని. కార్తీక సోమవారం అంటే తెల్లారకముందే దీపాలు. అత్తయ్యకి డెబ్భై ఎనిమిదేళ్లు. మెట్లెక్కి చాలా కాలమైంది. కారులోనే పైకి తీసుకెళ్తాం. ఆ రోజు మలుపు దగ్గర కారు గుర్రుమంది, దగ్గింది, ఆగింది. ఆయన మొదటి గేరులో వేసి మళ్లీ కదిలించబోతే వెనక్కి జారింది. నేను గబగబా దిగి రాయి తెచ్చి టైరు వెనక పెట్టాను. వెనకాల వచ్చే ఆటో అబ్బాయి, "మామ్మా, రా, నా బండెక్కు" అని అత్తయ్యని ఎక్కించుకున్నాడు. ఆమె ఆటోలోంచి వెనక్కి తిరిగి మా వైపు కాదు, కారు వైపు చూసింది.

ఆ కారు మా మామయ్యది. అంబాసిడర్ మార్క్ టూ, 1974లో రిజిస్టరైన బండి. మామయ్య మార్కాపురం పలకల వ్యాపారం చేసేవారు. చిన్నప్పుడు మనమంతా బలపంతో రాసిన నల్ల పలకలు ఎక్కువగా అక్కడివే. డిక్కీలో పలకల కట్టలు, వెనక సీట్లో అత్తయ్య, పిల్లలు, అందరి మీదా పలక పొడి. అలా గిద్దలూరు నుంచి ఒంగోలు దాకా తిరిగారట. ఆయన పుట్టినప్పుడు మా ప్రాంతమంతా కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, తర్వాత 1972లో ప్రకాశం అని పేరు మారింది. ఒంగోలులో ఏ ఆఫీసు పని పడినా ఊళ్లోవాళ్లు మామయ్య కారు కోసమే వచ్చేవారని అత్తయ్య ఇప్పటికీ చెప్తుంది. ఆయన పోయి మూడేళ్లు. అప్పటినుంచి ఆ కారుని నెలకోసారి తీసి, తుడిచి, గుడికో, పెళ్లికో తీసుకెళ్లడం మా ఇంటి ఆనవాయితీ.

కొండ మీద ఆగిన వారానికి మా వారు దగ్గర్లోని టౌనులో ఒక షెడ్డుకి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను, బ్లౌజులు కుట్టడానికి ఇచ్చే పని ఉండి. షెడ్డులో ఓ కుర్రాడు బానెట్ ఎత్తి, ఒక ప్లగ్గు విప్పి, గుండ్రటి గడియారంలాంటిది ఒకటి తెచ్చాడు. దాని కింద చిన్న గొట్టం, గొట్టం చివర నల్లటి రబ్బరు ముక్క. ఆ రబ్బరుని ప్లగ్గు బెజ్జంలో చేత్తో అదిమి పట్టి, "సార్, సెల్ఫ్ కొట్టండి" అన్నాడు. ముల్లు వణుకుతూ పైకి లేచింది. 85 అన్నాడు. రెండోది 70. మూడోదానికి ఫోన్ వచ్చింది. ఒక చెవికి భుజంతో ఫోన్ ఆనించుకుని, ఒంటి చేత్తో రబ్బరు నొక్కి, 60 అన్నాడు. నాలుగోది 75.

"ఇంజన్ అయిపోయింది సార్. కంప్రెషన్ లేదు. బోరు కొట్టించాలి, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ మార్చాలి. డెబ్భై వేలు పెట్టుకోండి. లేదంటే పాత డీజిల్ ఇంజన్ ఒకటుంది, దాన్ని ఎక్కిస్తే హాయిగా తిరగొచ్చు. రెండూ వద్దంటే తుక్కుకి నేనే చూసి పెడతా."

మా అమ్మాయి ఒంగోలులో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. దాని ఫీజు కట్టాల్సిన నెల. ఆయన దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అత్తయ్యతో, "అమ్మా, దాన్ని తీసేద్దాం. ఇంక దానికి పెట్టలేం" అన్నారు. గొడవ పెట్టుకుంటుందేమో అనుకున్నాను. "మీ ఇష్టం నాయనా" అని లోపలికెళ్లి, తెల్లారిందాకా గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె అరిస్తే బాగుండేది అనిపించింది నాకు.

నా మనసులో మాత్రం ఆ కుర్రాడి రబ్బరు ముక్కే తిరుగుతోంది. ఎందుకో చెప్పాలంటే ఇంకో సంగతి చెప్పాలి.

ఆరేళ్ల కిందట మామయ్యకి బీపీ ఎక్కువగా ఉందని ఒకచోట మందు డోసు పెంచారు. మామయ్యది లావు చెయ్యి. ఆ పట్టీ ఆయన చేతికి సరిగా చుట్టుకునేదే కాదు, అంచు దగ్గర వేలితో పట్టుకుని చూసేవాళ్లు. పెంచిన డోసుకి ఆయనకి కళ్లు తిరగడం మొదలైంది. ఓ పొద్దున బాత్‌రూమ్ దగ్గర పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ తర్వాత చూపించిన పెద్ద డాక్టరు గారు వెడల్పాటి పట్టీ తెప్పించి, కూర్చోబెట్టి, ఐదు నిమిషాలాగి చూశారు. బీపీ మామూలే. "చెయ్యి లావుగా ఉండి పట్టీ చిన్నదైతే లేని బీపీ కనిపిస్తుందమ్మా" అన్నారు. మణికట్టు అతుక్కుంది కానీ పట్టు రాలేదు. మామయ్య మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ప్రతి ఉదయం వసారాలో కూర్చుని కారుని చూసేవారు.

అందుకే ఒక అంకె చెప్పి ఎవరైనా ఏదైనా తీసేయమంటే, ఆ అంకె దేంతో కొలిచారు, ఎలా కొలిచారు అని అడగడం నాకు అలవాటైపోయింది. రాత్రి అమ్మాయికి ఫోన్ చేశాను. "ఏమ్మా, రబ్బరు పెట్టి చేత్తో నొక్కితే గాలి పోదా?" అంటే, అది పకపకా నవ్వి, "పోతుందమ్మా. ఎంత బలంగా నొక్కితే అంత నంబరు. మర బిగించే గేజి కొనండి, అప్పుడు నమ్మొచ్చు" అంది. గేజి ఎంతవుతుందంటే, ఆరు వందల నుంచి మూడు వేల దాకా ఉంటుందంది. డెబ్భై వేల మాటకి ముందు రెండు వేల మాట విందామని మా వారిని ఒప్పించాను.

అసలు కంప్రెషన్ అంటే ఏమిటో నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను. మన పెట్రోలు అంబాసిడర్ ఇంజను 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. అంటే ఒక్కో దాంట్లో పిస్టన్ కదిలే మేర దాదాపు 372 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక పైన మిగిలే చోటు సుమారు 60 సీసీ. మన వంటింటి లెక్కలో నాలుగు టేబుల్ స్పూన్లు. రెండు గ్లాసులకి కొంచెం తక్కువ గాలి ఈ నాలుగు స్పూన్ల జాగాలోకి కూరుకుపోవాలి. మా బండి మోడల్‌కి 7.2 వంతు అంటారు దీన్ని. అలా నొక్కుకుపోయిన గాలిలోనే ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే బలమొస్తుంది. పిస్టన్ పక్కనుంచో, వాల్వు సందులోంచో గాలి జారిపోతే ఆ బలం రాదు. గ్యాస్కెట్ పాడైన కుక్కర్ ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా విజిల్ వెయ్యదు కదా, అంతే.

కుక్కర్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. మన కుక్కర్ వెయిట్ లేచేది చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో ఒత్తిడి దగ్గర. మెకానిక్కుల భాషలో 15 పీఎస్ఐ. మంచి కంప్రెషన్ ఉన్న మా కారు సిలిండరులో 120 దాకా రావాలి. అంటే ఎనిమిది కుక్కర్ల ఒత్తిడి. బీపీలో కూడా 120 అంటాం, అది వేరే కొలత, పాదరసం మిల్లీమీటర్లు. దాన్ని పీఎస్ఐలోకి మారిస్తే రెండుంపావు కూడా దాటదు అంతగా. "చూశావా, నా గుండె కంటే మా నాన్న కారు యాభై రెట్లు గట్టిది" అన్నారు మా వారు. కారు ఆగిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఒంగోలు వెళ్లి అమ్మాయిని చూసి, దాన్ని వెంటబెట్టుకుని స్పేర్ పార్టుల షాపులు తిరిగాను. బ్లౌజు మ్యాచింగ్‌కి చీర ముక్క పట్టుకెళ్లినట్టు, కారు పాత ప్లగ్గు ఒకటి గుడ్డలో చుట్టి సంచీలో వేసుకెళ్లాను. మొదటి షాపాయన నన్ను చూసి, "సార్‌ని పంపండమ్మా, మీకు తెలీదు" అన్నాడు. రెండో షాపులో కూర్చోబెట్టి చూపించారు. ఆ రోజు నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయేమోనని వరసగా చెప్తున్నాను. మీ ఇంట్లో పాత అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో, పాత జీపో ఉంటే ఇవే ప్రశ్నలు అడగండి.

ముందుగా, బండి పెట్రోలుదా డీజిల్‌దా చెప్పండి. షాపులో తొలుత పెద్ద డయలున్న గేజి ఒకటి తీసి, "ఇది దేనికైనా పనికొస్తుంది, వెయ్యి దాకా చూపిస్తుంది" అన్నారు. అది డీజిల్ ఇంజన్లది. డీజిల్ ఇంజన్లో 400 పీఎస్ఐ చుట్టుపక్కల ఒత్తిడి ఉంటుంది కాబట్టి దానికి అంత పెద్ద గేజి కావాలి. మనకి కావాల్సిన 120 అందులో మొదటి మూలలో, నాలుగు గీతల మధ్య ఇరుక్కుపోతుంది. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద యాలకులు తూచినట్టు. ఎదురుచూసే అంకె డయలు మధ్య భాగంలో పడేట్టు చూసుకోవాలి. మాకు 300 దాకా ఉన్నది సరిపోయింది. పెట్రోలు గేజిని డీజిల్ ఇంజనుకి బిగిస్తే మాత్రం ముల్లు చివరికి కొట్టుకుని గేజి పాడవుతుంది.

తర్వాత మర. గొట్టం చివర ఇత్తడిదో ఉక్కుదో మర ఉండి, ప్లగ్గు బెజ్జంలోకి చేత్తో తిప్పితే బిగుసుకోవాలి. మా ప్లగ్గు మర 14 మిల్లీమీటర్ల లావు, ముప్పావు అంగుళం పొడవు. లావు సరిపోతే చాలదు, పొడవు కూడా చూడాలి. మర భాగం బెజ్జం లోతు కంటే పొడవైతే లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కో వాల్వుకో తగిలే ప్రమాదం ఉంది. సంచీలోని పాత ప్లగ్గు తీసి పక్కపక్కన పెట్టి చూశాం. షాపాయన, "ఇంత వివరంగా మెకానిక్కులు కూడా చూడరమ్మా" అన్నాడు. మెచ్చుకున్నాడో విసుక్కున్నాడో తెలీలేదు. చివర చిన్న రబ్బరు రింగు ఉందో లేదో కూడా చూడండి, గాలి పోకుండా ఆపేది అదే.

మూడోది మా అమ్మాయి చెప్పింది, నాకు అన్నిటికంటే నచ్చింది. సైకిల్ ట్యూబులో ఉన్నట్టు గేజి గొట్టంలో ఒక వాల్వు ఉంటుంది. లోపలికి వెళ్లిన గాలిని వెనక్కి రానివ్వదు. అందువల్లే ముల్లు ఎక్కడిదాకా లేచిందో అక్కడే నిలబడుతుంది, మనం తీరిగ్గా చదువుకోవచ్చు. ఆ వాల్వు గొట్టానికి ఇంజను వైపు చివర ఉండాలి, డయలు వైపు కాదు. డయలు దగ్గరుంటే గొట్టంలోని జాగా కూడా సిలిండరులో కలిసిపోతుంది. మూర కంటే తక్కువ గొట్టంలో అర టేబుల్ స్పూను చోటుంటుంది. నాలుగు స్పూన్ల చోటు నాలుగున్నర అయితే ఒత్తిడి పదో వంతుకి పైగా తగ్గి కనపడుతుంది. బాగున్న ఇంజను కూడా నీరసంగా కనిపిస్తుంది. పైగా ఆ వాల్వు లోపల మెత్తటి స్ప్రింగ్ ఉండాలి. అది పాడైందని టైరు వాల్వు పిన్ను తీసి వేస్తే, దాని స్ప్రింగ్ గట్టిది కాబట్టి మళ్లీ తక్కువే చూపిస్తుంది.

ఇక డయలు. లోపల ఉండేది సన్నటి, బల్లపరుపు చేసి వంచిన ఇత్తడి గొట్టం. తిరునాళ్లలో పిల్లలు ఊదితే చుట్ట విచ్చుకునే కాగితం పీపీ చూశారుగా, అలాగే గాలి నిండితే ఆ గొట్టం కాస్త విచ్చుకుంటుంది, ఆ కదలికే ముల్లుని తిప్పుతుంది. 1849లో బూర్డాన్ అనే ఫ్రెంచి ఆయన పేటెంటు తీసుకున్నాడట. ఆయన గడియారాలు చేసేవాడు. ఇంత సున్నితమైనది కాబట్టి కింద పడేస్తే అంకె మారిపోతుంది. కొనేటప్పుడు ముల్లు కచ్చితంగా సున్నా మీద కూర్చుందా చూడండి. చుట్టూ రబ్బరు కవచం ఉంటే మంచిది. గాలి వదిలే చిన్న నాబ్ ఉండాలి. పీఎస్ఐతో పాటు కిలోల గీతలు కూడా ఉంటే నయం, మన పాత మేస్త్రీలు కొందరు కిలోల్లోనే చెప్తారు.

అన్నీ చూసి 1,850 రూపాయలకి ఒకటి తీసుకున్నాం. దాంతో అమ్మాయికి ఒక చుడీదార్ వచ్చేది. అదే అంది ఆ మాట, "ఫర్లేదులేమ్మా, తాతయ్య కోసం" అని కూడా అదే అంది.

ఆదివారం కొలిచాం. ముందురోజు బ్యాటరీ చార్జింగ్ పెట్టించాం. ఉదయం కారు స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చాం. నాలుగు ప్లగ్గులూ విప్పాం. షెడ్డులో కుర్రాడు ఒక్కొక్కటే విప్పాడు, మిగతా మూడు సిలిండర్లు ఎదురొత్తుతుంటే ఇంజను సరిగా తిరగదు. కాయిల్ వైరు తీసేశాం, రవ్వ రాకుండా. మా వారు సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టారు. అది తొక్కకపోతే లోపలికి గాలే చాలినంత రాదు, ఎంత మంచి ఇంజనైనా తక్కువే చూపిస్తుంది. షెడ్డులో ఇంజను చల్లారిపోయి ఉంది, యాక్సిలరేటర్ ఎవరూ తొక్కలేదు, సెల్ఫ్ కొట్టేకొద్దీ బ్యాటరీ నీరసపడుతూనే ఉంది. గేజి ఒక్కటే కాదు, ఆ రోజు ఏదీ సరిగ్గా లేదని అప్పుడు తెలిసింది.

గేజి బిగించడం, చదవడం నా పని. ప్రతి సిలిండరుకీ ఆరు దెబ్బలే లెక్కపెట్టాం, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ కాకుండా. పాల లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాశాను.

ఒకటి 125. రెండు 120. నాలుగు 125.

మూడు మాత్రం 80.

అత్తయ్య వసారాలో కూర్చుని చూస్తోంది. "ఏందమ్మాయ్, ఎట్టా ఉంది?" అంది. "మూడు బాగున్నాయి అత్తయ్యా, ఒకటి నీరసపడింది" అన్నాను. "నలుగురిలో ఒకడేగా" అంది. ఆమెకి నలుగురు పిల్లలు. ఇంకేమీ అనలేదు.

ఫోన్లో అమ్మాయి చెప్పినట్టు, మూడో సిలిండరులో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొలిచాం. నూనె పిస్టన్ చుట్టూ చేరి రింగుల సందులు కాసేపు మూసేస్తుంది. రింగులు అరిగి ఉంటే అంకె బాగా పెరగాలి. 85 వచ్చింది, అంతే. అంటే గాలి పోతోంది రింగుల పక్కనుంచి కాదు, పైనుంచి. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోయి ఉంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలట. మాకు పడింది ఒక్కటే. కాబట్టి ఎక్కువ అనుమానం వాల్వు మీద.

కానీ మా గేజి మాత్రం నిజం చెప్తోందని నమ్మకమేంటి? ఆ ప్రశ్న మా వారిది. మార్కాపురంలో ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు, మామయ్య హయాంలో ఈ కారు చూసినాయన. పని మానేసి చాలా ఏళ్లయింది. మామయ్య పేరు చెప్తే తన పాత గేజి పట్టుకుని మనవడి బండి మీద వచ్చారు. ఒకే సిలిండరుకి రెండు గేజీలూ మార్చి మార్చి పెట్టి చూశారు. ఆయనది ప్రతిసారీ ఐదు తక్కువ చూపించింది. "ఐదుకేముంది అమ్మాయ్. రెండు కాటాలు ఒకటే చూపిస్తాయా? నాలుగింటి మధ్య తేడా చూడు. పెద్ద అంకెలో ముప్పావు వంతు కంటే చిన్నది దిగిపోతే జబ్బున్నట్టు" అన్నారు. 125లో ముప్పావు వంతు దాదాపు 94. మాది 80.

ఆయన వాల్వు కవరు విప్పి, ఫీలర్ గేజి రేకు ఒకటి మూడో సిలిండరు పొగ వాల్వు పైన దూర్చబోతే అది దూరలేదు. అక్కడ సందే లేదు. వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది కాబట్టి కాస్త సందు వదలాలి. అది లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని వాల్వు సందులోంచి మంట దూరి అంచు కాలిపోతుంది.

"ఇది మన తప్పు కాదు. పెట్రోలు మారింది" అన్నారాయన. వెనకటి పెట్రోలులో సీసం కలిపేవారు. అది పొగలోకి, పిల్లల రక్తంలోకి పోతోందని 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా ఆపేశారు. మంచి పనే. అయితే ఆ సీసమే పాత ఇంజన్ల వాల్వులు కూర్చునే చోటుకి పూతలా పనిచేసేది. అది లేక ఆ పోత ఇనుము మెల్లగా అరిగి, వాల్వు లోపలికి దిగబడుతూ వస్తుంది. దిగినకొద్దీ ఆ సందు మూసుకుపోతుంది. తరచూ చూసి సరిచేసుకుంటూ ఉంటే ఏమీ కాదు. మామయ్య ఉన్నప్పుడు ఏడాదికి రెండుసార్లు చూపించేవారట. ఆయన చెయ్యి విరిగాక ఎవరూ ఆ కవరు విప్పలేదు. మా వారు తల దించుకున్నారు. నేనూ ఏమీ అనలేదు. తుడిచి, దండ వేసి, గుడికి తీసుకెళ్తే చాలనుకున్నాం ఇద్దరమూ.

హెడ్డు విప్పి, కాలిన వాల్వు మార్చి, మిగతావి పేస్టుతో నూరి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించడానికి అంతా కలిపి తొమ్మిది వేలయింది. మేస్త్రి గారు కూర్చుని చెప్తుంటే మనవడు చేశాడు. మళ్లీ కొలిస్తే మూడోది 120.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. 2021లో కేంద్రం పాత బండ్లకి నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, చాసీనీ బాడీనీ ఇంజన్నీ పెద్దగా మార్చని బండ్లకి వింటేజ్ కింద వేరే రిజిస్ట్రేషన్, వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. మా కారు 2024తో ఆ వయసు దాటింది. ఆ షెడ్డువాళ్లు చెప్పిన డీజిల్ ఇంజను ఎక్కించి ఉంటే ఆ దారి మూసుకుపోయేది. మా వారు హుషారుగా అత్తయ్యకి చెప్పారు. ఆమె అంతా విని, "ఆ నంబరు తీసుకుంటే గుడికి పోవచ్చా?" అంది. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు అన్నారు ఈయన. "గుడికి పోని కారు మనకెందుకురా" అంది. కాబట్టి మామూలు రిజిస్ట్రేషనే, ఐదేళ్లకోసారి పరీక్ష చేయించి, ఫీజు కట్టి పొడిగించుకుంటున్నాం.

గేజిని మామయ్య బీపీ మిషను ఉండే అలమారలోనే పెట్టాను. ఊళ్లో పాత జీపులున్నవాళ్లు ఇద్దరు వచ్చి అడిగి తీసుకెళ్లారు. ఇచ్చేటప్పుడు ప్లగ్గు మర లావు, పొడవు చూసుకున్నారా, డీజిల్ బండి కాదు కదా అని అడుగుతుంటే మా వారు ముసిముసిగా నవ్వుతారు. ఇంకో పని కూడా పెట్టుకున్నాం. కార్తీకానికి ముందొకసారి, శివరాత్రికి ముందొకసారి ఆ నాలుగు అంకెలూ కొలిచి, వాల్వు సందులు చూపించి, పాల పుస్తకంలో కాకుండా మామయ్య పలకల లెక్కల పుస్తకంలో మిగిలిన తెల్ల పేజీల్లో తేదీ వేసి రాస్తున్నాను.

శివరాత్రి నాడు మళ్లీ కొండెక్కాం. అదే మలుపు. నేను తెలీకుండానే డోరు పిడి పట్టుకున్నాను, దిగి రాయి వెతకాల్సి వస్తుందేమోనని. ఆయన రెండో గేరులో వేశారు. కారు ఏ మాత్రం దగ్గకుండా మలుపు తిరిగి పైకెళ్లిపోయింది. కింద చెరువులో అమ్మవారి గుడి దీపాలు కనిపించాయి. వెనక సీట్లోంచి అత్తయ్య మాట్లాడుతుందేమో అని అద్దంలో చూశాను. చీర కొంగుతో సీటు అంచు తుడుస్తోంది.

"మీ మామయ్య ఉంటే" అంది కాసేపటికి, "పైకి రాను ఎంత పెట్రోలు కాలిందిరా అని లెక్క అడిగుండేవాడు."

మా వారు నవ్వుతూ ముల్లు చూసి ఏదో అంకె చెప్పారు. పెట్రోలు ముల్లు పనిచెయ్యక ఇరవై ఏళ్లయింది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.